చిటికెడు సోడా

రాత్రి రెండున్నర. అంతోఫగాస్తా నిద్రపోయింది.
ప్రయోగశాలలో నేనూ, పంపు రొదా,
నూట పద్నాలుగో నమూనా.

అరచేయంత తెల్లటి ముక్క.
అడుగున పాలియెస్టర్ గుడ్డ,
దాని మీద స్పాంజి లాంటి పొర,
ఆ పైన అసలు సంగతి:
వెంట్రుకను నిలువునా ఎనిమిది వందలుగా చీలిస్తే
అందులో ఒక చీలికంత మందం.
సముద్రాన్ని ఆపేది అదొక్కటే.

అది పుట్టడానికి ఒక్క నిమిషం చాలు.
నీళ్ళలో ఒక మందు, హెక్సేన్‌లో ఇంకొకటి.
కలవని ఆ రెండూ ఒకదాని మీద ఒకటి నిలబడి
తాకిన గీత దగ్గర, పాల మీద మీగడలా,
చప్పుడు చేయకుండా కట్టుకుంటుంది.

నిమిషం దాటితే మందం. నీళ్ళు కదలవు.
నిమిషం తగ్గితే చిల్లులు. ఉప్పు నవ్వుకుంటూ దిగొస్తుంది.
ఐదేళ్ళుగా ఇదే బేరం మాకు,
అవ్వా కావాలి, బువ్వా కావాలి:
నీళ్ళు ఎక్కువ రావాలి, ఉప్పు రాకూడదు, కరెంటు కాలకూడదు.
డాక్టర్ ఒస్సాందోన్ ప్రతి సోమవారం అదే అడుగుతాడు,
అడిగి, కాఫీలో చక్కెర వేసుకోవడం మరిచిపోతాడు.

మా అత్త ఎల్సీరా ఇల్లు కొండ మీద, రోడ్డు ఆగిపోయిన చోట.
కిటికీ నిండా సముద్రం.
తాగడానికి మాత్రం లారీ రావాలి.
మంగళవారం వస్తుంది. ఒక్కోసారి గురువారం.
నీలం డ్రమ్ము, మూత మీద ఇటుక,
ఆ ఇటుక ఎత్తే హక్కు అత్తది ఒక్కదానిదే.

మా తాత కొండ అంచున వలలు కట్టి
కమన్‌చాకాను పట్టేవాడట. పొగమంచుకు మా పేరు అది.
తెల్లారేసరికి వల కింద బిందెడు.
పట్టే వల ఆయనది, వదిలే వల నాది,
అని గొప్పగా అన్నానొకసారి.
"నీ వల ఇంకా ఏమీ వదల్లేదు కదే యెర్కా," అంది అత్త.

పోయిన నెల ఒక ఆదివారం, రొట్టెకు ఈస్టు లేక
సోడా వేసింది. నీళ్ళు గ్లాసుతో కొలిచింది,
సోడా కొలవలేదు.
వేడివేడిగా విరిస్తే లోపలంతా గదులు గదులు.
ఏదో తట్టింది నాకు.
చెప్పలేదు. రొట్టె తిన్నాను.

"ఇది ఎవరో ఎక్కడో చేసే ఉంటారు," అన్నాడు డాక్టర్.
చేశారు కూడా, వెతికితే కాగితాలు దొరికాయి.
అయినా మా సముద్రానికి, నా చేతికి
కుదరాలి కదా.

నూట ఒకటి, ఉత్త నురగ.
నూట నాలుగు, జల్లెడ.
నూట తొమ్మిదికి గొట్టం ఊడి
నా చొక్కా మీద ఉప్పు పటం గీసింది.

నిన్న మైక్రోస్కోపు కింద దీని తోబుట్టువు ముక్క:
నున్నగా ఉండాల్సిన చర్మమంతా ముడతలు,
ప్రతి ముడత కిందా బుడగ విడిచి వెళ్ళిన గది.
విప్పి పరిస్తే ఎంత చోటో!
అత్త మోచెయ్యి గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వాను.

ఇప్పుడు ఒత్తిడి యాభై ఐదు.
గొట్టం కొసన బొట్టు.
బొట్టు.
బొట్టు బొట్టు, ఇక లెక్కకు అందని దారం.
ఉప్పు మీటరు చూశాను. ముల్లు పెరగలేదు.
మీటరును వేలితో తట్టాను. పెరగలేదు.
పాత ముక్క గంటకు సగం గ్లాసు ఇచ్చేది,
ఇది గ్లాసుకు వేలెడు తక్కువ.

ఇంకా మూడు రాత్రులు నిలబడాలిది.
క్లోరిన్ తగిలితే ఏమంటుందో,
పాచి పడితే, కిలోమీటరు చుట్టగా నేస్తే,
ఇదే చర్మం వస్తుందో రాదో.
నూట పదిహేనుకు సీసాలు కడిగి పెట్టాను.

గోడ మీద రాసే ఉంది, తాగరాదని.
వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను.
ఏ రుచీ లేదు. అంత లేకపోవడం
నేనెప్పుడూ రుచి చూడలేదు.

ఐదయింది. కిటికీ అవతల కొండ మీదికి
గేరు మారుస్తూ లారీ ఎక్కుతున్న చప్పుడు.
ఈసారి బుధవారం వచ్చింది.
అత్త ఇటుక ఎత్తుతూ ఉంటుంది.